మెడబిళ్ళయు క్రోమోసోములును



కాలిలో ముల్లు విరిగి చీము పట్టినప్పుడు గజ్జలో బిళ్ళ కట్టుట మీలో ననేకు లెరిగిన సంగతియే. పంటి పోటు వచ్చినప్పుడు దవడ క్రిందను, గొంతు నొప్పి వచ్చినప్పుడు మెడ ప్రక్కను అట్టి బిళ్ళలే కానవచ్చును. పుండు మానిన పిమ్మట అవి తమంతట తామే కరగిపోవును. కాని ఏ పుండును లేకుండ, నొప్పియు లేకుండ, వారముల తరబడి నిలిచియుండు బిళ్ళ మాట వేరు. అట్టి దాని నిజమైన పేరు కనుగొనుటకై వైద్యులు ఇప్పుడు మన శరీరకణములలోని క్రోమోసోములను గూడ పరీక్షించుచున్నారు. ఆ పరీక్ష యెట్టిదో, దాని వలని ప్రయోజన మేమో ఈ పాఠములో నేర్చుకొందము.

ముందుగా నాకు తెలిసిన యొక సంగతి చెప్పెదను. కొన్ని యేండ్ల క్రిందట మా వీధిలో కాపురముండి, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో లేతు మిషను మీద పని చేయుచుండిన యొకాయనకు మెడ యెడమ ప్రక్కను బిళ్ళ లేచెను. చూచినవారు అది గండమాల యనిరి. అనగా క్షయరోగము వలన మెడలో లేచు గడ్డ. మన దేశమున క్షయ యధికము గనుక ఆ యూహ అసంగతమని చెప్పజాలము. కాని బిళ్ళలోని ముక్కను తీసి పరీక్షింపకయే ఆయనకు క్షయ మందులు మొదలుపెట్టబడెను. రెండు నెలలకు బిళ్ళ కొంత తగ్గెను. "సారూ, మందు పట్టినది" అని యాయన సంతోషముతో నాకు చెప్పెను. నేనును సంతోషించితిని. పరీక్ష చేసిరా యని యడుగవలెనన్న మాట నాకు తోచనే లేదు.

నాలుగవ నెలలో అది మరల పెరిగి, చంకలోను గజ్జలోను క్రొత్త బిళ్ళలు కనబడెను. ఏడవ నెలలో హైదరాబాదునందలి యొక పెద్ద ఆసుపత్రిలో బిళ్ళ నొకదానిని కోసి తీసి పరీక్షించిరి. అది గండమాల కాదు. లింఫోమా యను క్యాన్సరు. మొదట బిళ్ళ తగ్గినది మందు వలన గాదు. ఆ జాతి లింఫోమాలో బిళ్ళలు తమంతట తామే కొన్నాళ్లు తగ్గి మరల పెరుగుట కలదట. ఏడు నెలలు తప్పు పేరుతో గడచిపోయెను.

రోగమునకు సరియైన పేరు పెట్టుటలోనే సగము వైద్యము కలదని నాకా దినమున బోధపడెను. ఈ పాఠము వ్రాయుటకు అదియే కారణము.

1. లింఫు గ్రంథులు

మన శరీరమున మెడ, చంక, గజ్జ, రొమ్ము, కడుపు మొదలగు చోట్ల లింఫు గ్రంథులు కొన్ని వందలు కలవు. ఇవి పొలిమేరలోని ఠాణాల వంటివి. రోగక్రిములు ప్రవేశించినప్పుడు వాటితో పోరాడు తెల్లకణములు ఇక్కడ గుమిగూడి వృద్ధి పొందును. అందువలననే బిళ్ళ ఉబ్బును. ఈ కణములలో ముఖ్యముగా రెండు జాతులు: ప్రతిరక్షకములను తయారుచేయునవి బీ-కణములు; రోగము సోకిన కణములను పట్టి చంపుట మొదలగు పనులు చేయునవి టీ-కణములు.

పొలములోని నీటితొట్టి నొకదానిని తలచుకొనుడు. బోరు మోటారు దానిలో నీరు పోయుచుండును. అడుగున నున్న తూము నుండి నీరు పోవుచుండును. వచ్చు నీరును పోవు నీరును సమానముగా నున్నంతకాలము తొట్టి నిండి పొరలదు. మన గ్రంథులలో కణములు పుట్టుటయు చచ్చుటయు నిట్లే సరిపోవుచుండును. మోటారు ఆగకపోయినను, తూము మూసికొనిపోయినను తొట్టి పొంగిపొరలును. లింఫోమాలో జరుగునది యిదియే. ఇందలి జాతులు పదులకొలది కలవు. కంటికిని చేతికిని అన్నియు బిళ్ళలే. కాని వాటి నడవడి వేరు, వాటి మందులు వేరు.

2. క్రోమోసోములు

ప్రతి కణములోను గర్భమని యొక భాగము కలదు. అందులో దారములవలె చుట్టుకొనియున్నవి క్రోమోసోములు. తండ్రి తల్లుల నుండి వచ్చు లక్షణములును, కణము చేయవలసిన పనులును వాటి మీద జన్యువుల రూపమున వ్రాయబడియున్నవి.

ఇది దూరదేశపు విద్య యని తలపవలదు. 1972లో మన పటాన్‌చెరులో స్థాపింపబడిన ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థలో మెట్టపంటల జన్యువులను గూర్చి యేండ్ల తరబడి పరిశోధనలు జరిగినవి. మనము తిను సజ్జలో 14, సెనగలో 16, జొన్నలో 20, కందిలో 22, వేరుసెనగలో 40 క్రోమోసోములు కలవు. కందిపంట యొక్క జన్యులిపి చిత్తుప్రతి 2011లో ప్రకటింపబడినప్పుడు ఆ పనికి నాయకత్వము వహించినది ఈ సంస్థయే.

మనుష్యునిలో నెన్ని? మూడు దశాబ్దములకు పైగా పుస్తకములన్నియు 48 అని చెప్పెను. 1956లో స్వీడను దేశపు లుండ్ పట్టణమున జో హిన్ చియో, ఆల్బర్ట్ లెవాన్ అనువారు చక్కని పటములు తీసి లెక్కించి 46 మాత్రమే యని ప్రకటించిరి. అనగా 23 జతలు. లెక్క సరిగా తెలిసినగాని తప్పు పట్టుట సాధ్యము కాదు గదా! క్యాన్సరు కణములలోని మార్పులను కనిపెట్టుటకు ఈ లెక్కయే పునాది యయ్యెను.

3. ముక్కలు తారుమారగుట

1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అనువారు ఒక విధమగు రక్తపు క్యాన్సరులో క్రోమోసోము ఒకటి మిక్కిలి పొట్టిగా నుండుట చూచిరి. ఆ పోయిన ముక్క యేమయ్యెనో పదుమూడేండ్లు తెలియలేదు. 1973లో చికాగో నగరపు జానెట్ రౌలీ యను వైద్యురాలు దానిని తేల్చెను. ఆమె క్రోమోసోముల ఛాయాచిత్రములను తన యింటి భోజనపు బల్ల మీద కత్తిరించి వరుసగా పేర్చి చూచుచుండెడిది. ఆ ముక్క యెక్కడికిని పోలేదు; 22వ క్రోమోసోము నుండి విరిగి 9వ దానికి అతుకుకొనియున్నది; 9వ దాని తునక 22కు చేరినది. రెండు రైళ్ల చివరి పెట్టెలు ఊడి ఒకదానివి మరియొకదానికి తగిలించినట్లు జరిగినదన్నమాట. దీనికి స్థానభ్రంశమని పేరు.

లింఫోమా సంగతి ఆఫ్రికాలో మొదలయ్యెను. యుగాండా దేశమున పని చేయుచుండిన డెనిస్ బర్కిట్ అను శస్త్రవైద్యుడు, అచ్చటి పిల్లల దవడలలో అతివేగముగా పెరుగు గడ్డలను గూర్చి 1958లో వ్రాసెను. అది బర్కిట్ లింఫోమా యని పిలువబడినది. 1972లో స్వీడనునందు మనోలోవ్, మనోలోవా యను దంపతులు ఆ గడ్డల కణములలో 14వ క్రోమోసోముకు చివర అదనపు ముక్క యుండుట గుర్తించిరి. 1976లో ఆ దేశమందే లోరె జెక్ అను ఆమెయు, ఆమె తోడివారును ఆ ముక్క 8వ క్రోమోసోము నుండి వచ్చినదని చూపిరి.

14వ క్రోమోసోమే యెందుకు? బీ-కణములు ప్రతిరక్షకములను తయారుచేయు నిమిత్తము తమ జన్యువులను తామే కత్తిరించి అతుకుకొనును. లోకములోని నానావిధ క్రిములకు నానావిధ ప్రతిరక్షకములు కావలయును గనుక ఈ కత్తెర పని అవసరము. ఆ ప్రతిరక్షకపు జన్యువులలో ప్రధానమైనవి 14వ క్రోమోసోము మీద నున్నవి. కత్తెర పడుచోట నెప్పుడైన పొరపాటు జరిగిన యెడల, పరాయి ముక్క వచ్చి అక్కడ అతుకుకొనును.

4. గుర్తుంచుకొనవలసిన నాలుగు మార్పులు

మొదటిది, 8-14 మార్పు. 8వ క్రోమోసోము మీద "మిక్" అను జన్యువు కలదు. కణము విభజన పొందుటకు ఇది ఆజ్ఞ యిచ్చును. పని తీరగానే ఊరకుండును. కాని అది 14వ దాని మీది ప్రతిరక్షకపు జన్యువు ప్రక్కకు చేరినప్పుడు, ఎన్నడును ఆగని కరెంటు తీగకు మోటారు తగిలించినట్లగును. నీరు పోయుట ఆగదు. బర్కిట్ లింఫోమా రోగులలో సుమారు నూటికి 80 మందియందు ఈ మార్పు కానవచ్చును. తక్కినవారిలో మిక్ జన్యువు 2వ లేక 22వ క్రోమోసోముతో కలియును. ఈ గడ్డ ఒకటి రెండు దినములలో రెండింతలు కాగలదు. కావున దీని వైద్యమునకు దినములే లెక్క.

రెండవది, 14-18 మార్పు. 18వ దాని మీది "బి.సి.ఎల్.-2" జన్యువు కణమును చావనీయకుండ కాపాడును. అది ఆగని తీగ ప్రక్కకు చేరినప్పుడు మోటారు వేగము పెరుగదు గాని తూము మూసికొనిపోవును. చావవలసిన కణములు చావక నిలిచిపోవును. తొట్టి మెల్లమెల్లగా నిండును. ఇది ఫాలిక్యులర్ లింఫోమా. ఈ రోగులలో సుమారు నూటికి 85 మందియం దీ మార్పు కలదు. మా వీధిలోని యాయన రోగము ఇదియే.

మూడవది, 11-14 మార్పు. ఇందు "సైక్లిన్ డి-1" అను జన్యువు మేల్కొని కణమును విభజనకు త్రోయును. మాంటిల్ సెల్ లింఫోమా యనుదానిలో ఇది దాదాపు ప్రతి రోగియందును కనబడును.

నాలుగవది, 2-5 మార్పు. ఇది టీ-కణములకు చెందిన యొక లింఫోమాలోనిది. ఇందు రెండు జన్యువులు అతుకుకొని "ఆల్క్" అను క్రొత్త జంట పదార్థమును పుట్టించును. పిల్లలయందును యువకులయందును ఇది యెక్కువ.

అయినను ఒక హెచ్చరిక. క్రోమోసోము మార్పు ఒక్కటియే తీర్పు చెప్పదు. 14-18 మార్పు గల కణములు కొలదిగా ఆరోగ్యవంతుల రక్తములోను కానవచ్చును. మిక్ మార్పు బర్కిట్ కాని యితర లింఫోమాలలోను ఉండును, మిక్, బి.సి.ఎల్.-2 రెండును ఒకే రోగిలో మారిన యెడల రోగము మరింత తీవ్రమగును. హాడ్జ్‌కిన్ లింఫోమాకు ఇట్టి ప్రత్యేకమైన గుర్తు ఒక్కటియు లేదు. కనుక వైద్యుడు కణముల ఆకారమును, రంగుల పరీక్షను, క్రోమోసోమును, రోగి స్థితిని అన్నిటిని కలిపి చూచి నిర్ణయించును.

5. పరీక్ష చేయు విధము

మొదట బిళ్ళను, సాధ్యమైనచో పూర్తిగా, కోసి తీయుదురు. సూది గ్రుచ్చి తీసిన కొలది కణములతో లింఫోమా జాతి తేల్చుట కష్టము. తీసిన దానిని ఫార్మలిను ద్రవములో నుంచి, మైనపు దిమ్మలో బిగించి, పలుచని పొరలుగా కోసి, రంగులద్ది మైక్రోస్కోపులో చూతురు.

క్రోమోసోములన్నిటిని పేర్చి చూడవలెనన్న బ్రదికియున్న కణములు కావలయును. ఫార్మలినులో పడిన కణములు పనికిరావు. కావున బిళ్ళలో కొంత భాగమును ముందుగానే వేరుగా పంపవలెను. కణము విభజన పొందుచున్న క్షణమునందే క్రోమోసోములు స్పష్టముగా కనబడును. ఆ క్షణమున దానిని ఆపుటకు కొల్చిసిన్ వంటి మందు వాడుదురు. మన అడవులలో ఎఱ్ఱని నిప్పుకీలల వంటి పువ్వులు పూయు అడవినాభి దుంపలో నీ కొల్చిసిన్ కలదు. అది ఘోరమైన విషము. పిల్లలు దానిని ముట్టరాదు.

రెండవ పద్ధతికి ఫిష్ అని పేరు. దీనికి విభజన పొందుచున్న కణములు అక్కరలేదు. మైనపు దిమ్మలోని ముక్క చాలును. 14వ క్రోమోసోములోని స్థానమునకు పచ్చగా, 18వ దాని స్థానమునకు ఎఱ్ఱగా వెలుగు రంగులంటింతురు. ఆరోగ్యకరమైన కణములో రెండు పచ్చ చుక్కలు, రెండు ఎఱ్ఱ చుక్కలు వేరువేరుగా కనబడును. మార్పు జరిగిన కణములో ఒక పచ్చ, ఒక ఎఱ్ఱ చుక్క మిగిలి, తక్కినవి కలిసి రెండు పసుపుపచ్చ చుక్కలుగా నగపడును. చుక్కల లెక్క తెలిసిన బాలుడు గూడ ఈ తేడాను చెప్పగలడు. కాని ఆ చుక్కలను వెలిగించుటకు ఎందరి జీవితకాలపు శ్రమ పట్టినదో ఆలోచింపుడు.

6. పేరు తెలిసినందువలని ఫలము

పేరు తెలిసిన పిమ్మటనే మందు. ఈ కథలో తెలుగువారికి గొప్ప భాగము కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాకు పోయి, లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలు నడపిరి. ఫోలిక్ ఆమ్లము లేనిదే కణములు క్రొత్త క్రోమోసోములను కట్టుకొనలేవు. ఆ ఆమ్లమునకు విరోధులైన మందులు ఆయన నాయకత్వమున తయారయ్యెను. వానిలో మెథోట్రెక్సేట్ ఒకటి. 1948లో ఆయన మరణించిన పిమ్మట, 1960 తరువాతి తొలి యేండ్లలో బర్కిట్ లింఫోమా గల ఆఫ్రికా పిల్లలకు ఆ మందు నిచ్చి చూడగా గడ్డలు కరగుట కనబడెను. నేటికిని ఆ రోగమున కితర మందులతో కలిపి దాని నిచ్చుచున్నారు.

బీ-కణముల మీది గుర్తును పట్టి వాటిని చంపు రిటుక్సిమాబ్ అను మందు వచ్చిన పిమ్మట ఫాలిక్యులర్ లింఫోమా రోగుల ఆయువు పెరిగెను. మొదట దాని వెల సామాన్యులకు అందనిది. 2007లో హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ వారు దానికి సమానమైన మందును తక్కువ వెలకు విడుదల చేసిరి. ఆల్క్ మార్పు గల రోగము తిరుగబెట్టిన పిల్లలకు, యువకులకు ఆ పదార్థమునే అడ్డగించు క్రిజోటినిబ్ అను మాత్రను 2021లో అమెరికా ప్రభుత్వ మంగీకరించెను. మార్పును కనుగొనినందుననే ఆ మాత్ర తగినదని తెలిసినది.

7. కార్ఖానాల పొగ సంగతి

మన ప్రాంతమున ఈ ప్రశ్న అడుగనివారు లేరు. పటాన్‌చెరు, బొల్లారము కార్ఖానాల వ్యర్థజలము నక్కవాగులో కలియుటను గూర్చి 1990లో సుప్రీము కోర్టులో వ్యాజ్యము వేయబడినది. ఆ కాలుష్యము నిజము. దాని వలని నష్టము నిజము. బెంజీను ఆవిరి రక్తపు క్యాన్సరు కలిగించునని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. లిండేను అను పురుగుమందు లింఫోమాకు కారణము కాగలదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 2015లో తీర్మానించెను. కావున ముసుగు, తొడుగు లేకుండ రసాయనములను ముట్టుట తెగువ కాదు, తెలివితక్కువ.

అయినను, ఒక మనుష్యునికి వచ్చిన లింఫోమా ఫలానా పొగ వలననే వచ్చినదని అతని క్రోమోసోములను చూచి చెప్పుటకు వీలులేదు. పైని చెప్పిన కత్తెర పొరపాటు ఏ పొగయు లేని పల్లెలోని వానికిని జరుగవచ్చును. మరియు, ఈ మార్పులు రోగి జీవితకాలములో ఒక కణమున పుట్టినవే గాని తల్లిదండ్రుల నుండి వచ్చినవి కావు. బిడ్డలకు పోవునవియు కావు. ఇది అంటురోగమును కాదు. అట్టి యింటివారితో సంబంధ మాడుటకు వెనుదీయువారు ఈ మాట గుర్తుంచుకొనవలెను.

8. తలిదండ్రులకు మనవి

రెండు మూడు వారములు దాటినను తగ్గక నిలిచియున్న బిళ్ళను, ముఖ్యముగా నొప్పి లేక పెరుగుచున్న దానిని, వైద్యునికి చూపుడు. దానితో గూడ జ్వరము, రాత్రులయందు పక్క తడియునంత చెమట, కారణము లేక బరువు తగ్గుట యున్న యెడల ఆలస్యము చేయకుడు. అది క్షయయే కావచ్చును. క్షయ నయమగు రోగము. కాని క్షయ యనుటకును ముక్క తీసి పరీక్షించుట కలదు. "అయ్యా, ఈ బిళ్ళను పరీక్షించితిరా?" అని వినయముగా అడుగుట తప్పు కాదు. వైద్యుడు చెప్పకుండ వాడుచున్న మందు మానవలదు. పరీక్ష కాగితములను పారవేయవలదు. మైనపు దిమ్మ ఎచ్చటనున్నదో తెలిసికొనియుండుడు. ఆ దిమ్మనే వేరొక ఆసుపత్రిలో మరల పరీక్షింప వచ్చును. 1955 నుండి హైదరాబాదులో నడచుచున్న ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ప్రభుత్వముది. బీదలకు అచ్చట వైద్యము కలదు.

మా వీధిలోని యాయన చికిత్స పొంది మరల లేతు మిషను ముందు నిలుచుచున్నాడు. ఆ రోగము తిరుగబెట్టు స్వభావము గలది గనుక ఏటేట పరీక్షకు పోవుచున్నాడు. కలిసినప్పుడెల్ల నేనాయనను మొదట అడుగునది, "పరీక్ష చేసిరా?" అని. ఆయన నవ్వును. ఆ ప్రశ్న మొదటనే అడిగియుండిన ఏడు నెలలు మిగిలెడివి. మీరు అడుగ నేర్చుకొనుడు.

అభ్యాసము

1. తొట్టి యుపమానమును బట్టి బర్కిట్ లింఫోమా వేగముగను, ఫాలిక్యులర్ లింఫోమా మెల్లగను పెరుగుటకు కారణము చెప్పుడు.
2. ఒక కణములో ఒక ఎఱ్ఱ, ఒక పచ్చ, రెండు పసుపుపచ్చ చుక్కలు కనబడెను. మార్పు జరిగినదా లేదా? ఎట్లు తెలిసినది?
3. బిళ్ళనంతటిని ఫార్మలినులో వేసిన యెడల ఏ పరీక్ష చేయజాలము? ఏది చేయవచ్చును?
4. క్రోమోసోము మార్పు ఒక్కటియే రోగమును నిర్ణయింపజాలదనుటకు ఒక దృష్టాంత మిండు.